గోరు చెప్పనీ

మా అక్క మొగుడు ఇంజన్ మూసే ముందు, నూనె కారకుండా గ్యాస్కెట్‌కు పూసే సీలర్లు రెండూ, ఎర్ర ట్యూబుదీ నల్ల ట్యూబుదీ, చెరో బొటనవేలి గోటిమీద కాస్త రాసుకుని, ఏది ఎలా గట్టిపడుతుందో చూస్తూ కూర్చునేవాడు. ఏది వాడాలని ఎవరు తొందరపెట్టినా "గోరు చెప్పనీ" అనేవాడు.

రాజపాళయంలో బావ పనిచేసే మెకానిక్ షెడ్డు మా నాన్నది. నాన్న తన మోటార్‌సైకిల్ ఇంజన్ విప్పిన రోజు నేను ఎర్ర ట్యూబు పిండబోయాను. నాన్న దాన్ని లాక్కుని బావ చేతిలో పెట్టాడు.

"అల్లుడే మూయనీ. నీకు పొరుమై లేదురా, ఉండేదంతా పొరామైనే!"

తమిళంలో ఓర్పుకీ ఓర్వలేనితనానికీ అంతే తేడా.

బావ ఇప్పుడు సేత్తూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. నాన్న బండి మా వాకిట్లోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే వంగి చూస్తాను, కింద ఒక్క నూనె చుక్కైనా పడిందేమోనని.