పదిహేడో ఇంటి చిలక

కాలువ అవతలి వీధిలో అందరూ ఇస్త్రీ అక్క అని పిలిచే ఒకావిడ ఉంది. ఆమె మెడ కాస్త ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది. చూసినవాళ్ళు, ఎదుటివాళ్ళ మాట తల వంచి శ్రద్ధగా వింటోందనుకుంటారు. నిజానికి అది నలభై రెండేళ్ళుగా మోసిన బట్టల మూటల బరువు. ఆ మెడ ఒరగడంలో నా పాపం కూడా ఉందని పోయిన నెల దాకా నాకు తెలియదు.

నేను కోతలరాయుణ్ణని మా ఇంట్లో అందరికీ తెలుసు. వరదలో మొసలి మీదెక్కి పరీక్షకి వెళ్ళానని చెబితే మా మనవరాలు చాన్నాళ్ళు నమ్మింది. కాన్వెంటులో సిస్టరమ్మలు అబద్ధానికో పూట మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. మోకాళ్ళు గట్టిపడ్డాయి గానీ నాలుక మారలేదు. వాళ్ళ దగ్గర నేను బుద్ధిగా నేర్చుకున్నది ఒక్కటే, బూట్లు అద్దంలా తుడుచుకోవడం.

ఆ బూట్లే కొంప ముంచాయి.

యూనివర్సిటీలో నగర, పర్యావరణ ప్రణాళిక కోర్సు కొత్తగా పెట్టిన రోజుల్లో అందులో చేరాను. రెండో ఏడు మాకు ఇంటింటి సర్వే పడింది. కాలువ మీద కాలినడక వంతెన ఎక్కడ కట్టాలో తేల్చాలి. నా వంతుకి అవతలి వీధిలోని నలభై ఇళ్ళు వచ్చాయి. ఒడ్డుదాకా వెళ్ళాను. నల్లటి బురద, దాటడానికి వేసుకున్న నాలుగు రాళ్ళు, ముక్కు పగిలే కంపు. ఒకసారి నా బూట్లు చూసుకున్నాను. వెనక్కి తిరిగి సైకిల్ షాపు బెంచీ మీద కూర్చుని నలభై కుటుంబాలనూ నేనే పుట్టించాను. పదిహేడో నంబరు ఇంట్లో రిటైరైన ఓడ కెప్టెన్‌నీ, "వంతెన వద్దు, వంతెన వద్దు" అని అరిచే అతని చిలకనీ పెట్టాను. కాలువ ఎలా దాటుతున్నారన్న ప్రశ్నకి నలభై ఇళ్ళవాళ్ళూ "సులువుగా" అన్నారు.

మంచి మార్కులొచ్చాయి. వంతెన ఎక్కడో దూరంగా గోడౌన్ల దగ్గర కట్టారు. నేను మునిసిపల్ ఆఫీసులో పటాలకి రంగులు వేసుకుంటూ రిటైరయ్యాను. కెప్టెన్‌ని మరిచిపోయాను.

ఇప్పుడు మా మనవరాలు అదే డిపార్టుమెంటులో చదువుతోంది. పోయిన నెల ఒకరోజు కాలేజీ నుంచి గంతులేసుకుంటూ వచ్చింది.

"తాతయ్యా! మా మేడమ్ ఇవాళ క్లాసులో నీ సర్వే చూపించారు. జనం మాట ఎలా వినాలో ఇది చూసి నేర్చుకోండి అన్నారు. ఆ చిలకకైతే అందరూ పడీపడీ నవ్వారు!"

చేతిలో కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"రెండో వంతెన కోసం మునిసిపాలిటీవాళ్ళు మమ్మల్ని రిపోర్టు అడిగారు. అవతలి వీధివాళ్ళకి ఏ ఇబ్బందీ లేదని నీ ఫారాల్లోనే ఉందిగా. అందుకని మార్కెట్ దగ్గర కట్టమని రాసేస్తున్నాం. శుక్రవారం ఇచ్చేయాలి."

నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆ పిల్ల కళ్ళల్లో నేనెప్పుడూ అంత ఎత్తున లేను.

"రాసే ముందు ఆ వీధి ఒకసారి చూసొద్దామా?" అని మాత్రం అనగలిగాను.

ఆటోలో చుట్టూ తిరిగి వెళ్ళాం. పదిహేడో నంబరు ఇంటి ముందు బల్ల మీద ఇస్త్రీ అక్క బొగ్గుల పెట్టెతో చొక్కా కాలరు నొక్కుతోంది.

"అమ్మమ్మగారూ, ఇక్కడ ఒక కెప్టెన్‌గారు ఉండేవారు కదా? చిలకతో?" అని అడిగింది మనవరాలు.

"ఈ ఇంట్లోనా? పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ మేమే ఉంటున్నాం తల్లీ. చిలకెక్కడిది, ఉన్నది మా ఆయనొక్కడే. ఆయన గొంతు కాకి గొంతు."

"వినబడుతోందే!" అన్నాడు ఆయన లోపలినుంచి.

మనవరాలు నవ్వబోయి ఆగింది. "మరి, అప్పట్లో కాలేజీవాళ్ళు సర్వేకి వచ్చారట?"

"వస్తారన్నారు. కొత్త కాపురం మాది. ఇల్లంతా తుడిచి, పక్కింట్లో కుర్చీ అడిగి తెచ్చి గుమ్మంలో వేశాను. మూడు రోజులు కాచుకున్నాం. ఎవడూ రాలేదు. కుర్చీ తిరిగివ్వలేదని పక్కావిడ ఒకటే సాధింపు." పెట్టె పక్కకి జరిపింది. "కొన్నాళ్ళు రాళ్ళమీదనుంచే దాటేదాన్ని. ఓసారి లాయరుగారి ఆరు తెల్లచొక్కాలతో సహా జారిపడ్డాను. చొక్కాలు ఉతికితే తెల్లబడ్డాయి, మోకాలే బాగుపడలేదు. అప్పట్నుంచి గోడౌన్ల దగ్గరి వంతెన మీదుగానే. రోజూ రెండుసార్లు."

"రానివాణ్ణి నేనేనమ్మా," అన్నాను. "బూట్లకి బురద అంటుతుందని అవతలి ఒడ్డునే కూర్చుని రాసేశాను. కెప్టెన్‌నీ, చిలకనీ, అందర్నీ."

ఆమె తల వంచి నా కాళ్ళవైపు చూసింది. ఆ రోజు కూడా తుడుచుకునే వెళ్ళాను.

"బాగానే మెరుస్తున్నాయి," అంది.

మనవరాలు నా వైపు చూడలేదు. బ్యాగులోంచి రిపోర్టు తీసి ఒక పేజీ అడ్డంగా కొట్టేసింది. ఖాళీ ఫారం ఒకటి నా చేతిలో పెట్టి, "అడుగు," అంది. తాతయ్యా అనలేదు.

"కాలువ... ఎలా దాటుతారమ్మా?"

"నోటితో చెబితే ఏం తెలుస్తుంది? ఇదిగో, అవతల ఇవ్వాల్సిన మూట. ఎత్తు."

నెత్తికెత్తుకున్నాను. ఆమె ముందు, మూటతో నేను వెనక. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. "కెప్టెన్‌గారూ, పైలం!" అని లోపలినుంచి కాకి గొంతు. చెవులు కాలిపోయాయి. గోడౌన్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి నా మెడ కూడా ఎడమవైపుకే ఒరిగింది.

అవతల మూట దించేసరికి నా లెక్కకి రెండువేల మూడువందల పన్నెండు అడుగులు. ఫారంలో అదే రాశాను. నా అంకెని ఎవరూ నమ్మనక్కర్లేదు. మనవరాలు నా వెనకే నడుస్తూ నా అడుగులు తనూ లెక్కపెట్టింది. సరిపోయాయా అని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఫారం తీసుకుని, నేను రాసిన అంకె కింద తన సంతకం పెట్టింది.