నాలుగు సెల్లుల పెట్టె

ఆదోని హైస్కూల్లో సైన్సు చెప్పే సేతుమాధవరావు ఏ వస్తువు కొన్నా ముందు దాని ఆకలి చూసేవాడు. స్టవ్వయితే కిరసనాయిలు ఎంత తాగుతుంది, బల్బయితే ఎన్ని వాట్లు మింగుతుంది, ఇదే ధ్యాస. ఇల్లంతా పదిహేను వాట్ల బల్బులే. ఆ వెలుతురులో కందిపప్పేదో శనగపప్పేదో తెలిసి చావదని భార్య కృష్ణవేణి విసుక్కునేది.

అటువంటి మనిషి 1982 ఉగాది మరునాడు టేప్‌రికార్డరు కొంటానని ప్రకటించాడు. కారణం మేనత్త సరస్వతీబాయి. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన ఆమెకు అప్పటికి డెబ్బై ఆరేళ్లు. అక్షరం ముక్క రాదు గాని, కన్నడంలో దేవుడి పాటలు రెండు వందల పైచిలుకు నోటికి వచ్చు. అన్నీ వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవే, ఏ పుస్తకంలోనూ లేవు. తల్లిలేని సేతుమాధవరావును నిద్రపుచ్చినవి ఆ పాటలే. ఆ ఏడు ఆమె పాడుతూ పాడుతూ చరణాలు దాటేయడం మొదలుపెట్టింది. మాటలు కాగితం మీద రాసుకోవచ్చు, రాగం ఎక్కడ రాసుకోవాలి? అవన్నీ ఆమెతోనే పోతాయేమోనని అతనికి బెంగ పట్టుకుంది.

చిక్కేమిటంటే, ఆమె నోరు విప్పి పాడేది పొద్దున మడిలో, వంటింట్లో పని చేసుకుంటూనే. ఆ వంటింటికి ఆమె కరెంటు రానివ్వలేదు, గడప మీదుగా తీగ లాగనివ్వదు. కాబట్టి సెల్లులతో నడిచేది కావాలి. అదీ తక్కువ సెల్లులతో ఎక్కువసేపు నడిచేది కావాలి.

రేడియో షాపు రంగన్న రెండు స్పీకర్లదొకటి తీసి ముందు పెట్టి, పాటకు తగ్గట్టు లైట్లు కూడా వెలుగుతాయని చెప్పాడు. పాడేది మా అత్త, లైట్లు కాదన్నాడు సేతుమాధవరావు. దానికి ఆరు లావు సెల్లులు కావాలని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రంగన్నకు ఓపిక నశించింది.

"సారూ, మీరు కొనేది టేపురికార్డరా, ఎద్దా? మేతెంత, మేతెంత అని అడుగుతాండారు."

మేతే చూడాలన్నాడు ఈయన. మూడు యంత్రాలు అరువు తెచ్చి, ఒక్కో ఆదివారం ఒక్కోదానికి కొత్త సెల్లులు వేసి, అవి చచ్చేదాకా ఒకటే హార్మోనియం క్యాసెట్టు మోగించాడు. లైట్లది నాలుగు గంటల్లో మూలిగి ఆగిపోయింది. నాలుగు సెల్లుల నల్ల పెట్టె తొమ్మిది గంటలు లాగింది. అయినా ఎండలో పెట్టిన సెల్లులతో ఇంకెంత నడుస్తుందో చూడాలన్నాడు. ఉగాది పోయి వినాయక చవితి వచ్చింది. హార్మోనియం దెబ్బకు తలనొప్పి పట్టిన కృష్ణవేణి ఒకరోజు గరిటె కింద పెట్టింది.

"మీరిట్లే పరీక్షలు చేసుకుంటా కూర్చోండి. ఆమె అన్నీ మరిచిపోయినాక ఖాళీ క్యాసెట్టు వేసుకుని విందాము."

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. ఆ సాయంత్రమే నల్ల పెట్టె కొనుక్కొచ్చాడు. అత్త దూరం నుంచే వాసన పట్టి, చుట్టూ ఉన్నది తోలు సంచి కదా, తీసుకుపొమ్మంది. అయిదు నెలలు గంటలు లెక్కపెట్టిన పెద్దమనిషికి, మడి వంటింటికి తోలు పనికిరాదన్న సంగతి తట్టనే లేదు. సంచి తీసేస్తే వెనక మూత ఊడి సెల్లులు జారిపడుతున్నాయి. చివరికి కృష్ణవేణి తన చిరిగిన పెళ్లి పట్టుచీర చెంగు కత్తిరించి దానికి కొత్త సంచి కుట్టింది. పట్టుకు మైల అంటదు గనక గడప బయటిదాకా రానిస్తానని సరస్వతీబాయి ఒప్పుకుంది.

మొదటి రోజు పెట్టె వైపే చూస్తూ ఆమె పాట ఎత్తుకోకుండానే వంట ముగించింది. రెండో రోజు పప్పు తిరగమోత వేస్తూ దాని సంగతే మరిచిపోయి పాడేసింది. ఆ పాటలో ఆవాల చిటపట కూడా వినిపిస్తుంది. సేతుమాధవరావు సెల్లులు ఖర్చుకాకుండా క్యాసెట్టును పెన్సిలు పెట్టి తిప్పేవాడు. మిద్దె మీద వడియాల పక్కన సెల్లులు ఎండేవి. దీపావళికి ముప్పై క్యాసెట్లు అయ్యాయి. కోసిగి నుంచీ మంత్రాలయం నుంచీ చుట్టాల ఆడవాళ్లు పెళ్లిపాట కోసమో తొట్టిల పాట కోసమో వచ్చి, విని, నేర్చుకుని పోయేవాళ్లు. అతను క్యాసెట్టు వెతికిపెట్టి మురిసిపోయేవాడు.

మరుసటేడు శ్రావణ శుక్రవారం పొద్దున వంటింట్లో హారతి పాట రెండో చరణం తర్వాత ఆగిపోయింది. సేతుమాధవరావు వెళ్లి చూశాడు. పళ్లెంలో కర్పూరం మండుతోంది, అత్త పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆమె ముఖంలో అంత భయం అతనెప్పుడూ చూడలేదు. పరుగున పోయి క్యాసెట్టు తెచ్చి, గడప బయట పెట్టె మీద మీట నొక్కాడు. మూడో చరణం ఆమె గొంతుతోనే వచ్చింది. ఆమె కాసేపు విని, మెల్లగా గొంతు కలిపి, పాట చివరిదాకా పాడింది.

హారతి కళ్లకద్దుకుని అతని వైపు తిరిగింది.

"దూరంగా ఉంటే సరిగ్గా వినపడలేదు సేతూ. రేపట్నుంచి దాన్ని లోపలికే తెచ్చి పెట్టు."

మడి సంగతేమిటని అతను నసిగాడు.

"అందులో పాడేది నేనే గదరా," అంది ఆమె. "నాకు నేనే మైల అయితానా?"