నేను చదవకుండా వదిలేసిన ఒక్క మాట

రాతలో తప్పులుంటే ముందే మన్నించండి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... నాకు పదేళ్ళుంటాయేమో, మా నాన్నమ్మ కొత్త కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి టౌన్లోని ద్వారకా నగర్ వెళుతూ నన్ను తోడు తీసుకెళ్ళింది. మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళ పేట. నాన్నమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలు అమ్మేది. ఎవరితోనైనా మాట్లాడేస్తుంది, ఎక్కడికైనా వెళ్ళొస్తుంది. అక్షరం ముక్క మాత్రం రాదు.

అందుకే బయటికెళితే పక్కన నేనుండాలి. బస్సు బోర్డు, షాపు పేరు... అన్నీ నేనే చదివి చెప్పాలి. మా క్లాసులో నిలబడి తెలుగు పాఠం చదివేది నేనే. దాంతో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

అద్దాలు తీసుకునేసరికి మధ్యాహ్నం అయిపోయింది. ఒకటే ఆకలి. ఎదురుగా భోజనం హోటల్... అద్దాల తలుపు, తిరుగుతున్న ఫ్యాన్లు, తెల్లటి బల్లలు, వాటి మీద అరిటాకులు. అప్పటిదాకా నేను హోటల్లో కూర్చుని తిన్నది లేదు. మాకు బయట తిండంటే బీచ్‌లో ముంత మసాలా, లేకపోతే రోడ్డు పక్క బండి.

"ఏటి రాసుందే బోర్డు మీద?" అని అడిగింది నాన్నమ్మ.

'శాకాహార భోజనం తయారు' అని ఉంది.

"భోజనం తయారు" అని చదివాను.

ఎందుకంటే... నాన్నమ్మకి నీసు లేనిదే ముద్ద దిగదు. ఎక్కడికెళ్ళినా సంచిలో ఒక స్టీలు డబ్బా, అందులో వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు ఉండాల్సిందే. ఆ మొదటి మాట కూడా చదివితే ఆమె లోపలికి రాదు. నాకేమో ఆ ఫ్యాను కింద కూర్చుని తినాలని ఉంది. కూరలు బాగుంటే డబ్బా తీయదులే అనుకున్నాను.

ఆకు నిండా వడ్డించారు. పప్పు, వంకాయ కూర, సాంబారు, అప్పడం. నాన్నమ్మ రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఏటే ఇది... గడ్డి తిన్నట్టుంది. సేప నేదేటి?" అంటూ సంచిలో చెయ్యి పెట్టింది.

"ఒద్దు నాన్నమ్మా..." అన్నాను మెల్లగా.

"నీకూ ఏత్తానుండు" అంది.

మూత తీసింది. మా ఇంట్లో అయితే నోట్లో నీళ్ళూరే వాసన... అక్కడ ఫ్యాను గాలికి హాలంతా పాకిపోయింది. పక్క బల్ల దగ్గర పెద్దాయన సగం భోజనంలోనే ఆకు మడిచి లేచిపోయాడు. కౌంటర్లోంచి ఓనరు గబగబా వచ్చాడు.

"ఏటమ్మా ఇది! కళ్ళద్దాలెట్టుకుని మరీ వచ్చావు, అంత బోర్డు కనబళ్ళేదా? ఇక్కడ నీసు తేకూడదు!"

"బోర్డు కనబడింది బాబూ. అద్దాలెట్టుకుంటే అచ్చరాలు రావు కదా... మా గుంట సదివింది" అని నాన్నమ్మ నా వైపు తిరిగింది.

నేను తలెత్తలేదు. చేతిలో అప్పడం ముక్క అలాగే ఉండిపోయింది.

"దానికింకా పెద్ద మాటలు సదవడం రాదు బాబూ" అంది నాన్నమ్మ. "సిన్న పిల్ల. తప్పు నాదే, కోప్పడకు."

ఓనరు కూడా తగ్గాడు. "సర్లే, డబ్బా లోపలెట్టీసి తినండి" అని వెళ్ళిపోయాడు.

నాన్నమ్మ మూత బిగించి, డబ్బాని సంచి అడుక్కి తోసేసింది. నీసు లేనిదే ముద్ద దిగని మనిషి... ఆకు మీద మెతుకు మిగల్చకుండా తినేసింది. ఆ పూట ముద్ద దిగనిది నాకే.

"తినే గుంటా... అప్పడం ఇంకోటి అడగనా?" అంది.

బయటికొచ్చాక తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. బస్సు కాంప్లెక్స్‌లో బెంచీ మీద కూర్చుని డబ్బా తీసింది. ఇద్దరం చెరో గుప్పెడు నెత్తళ్ళు నమిలాం. ఇంతలో బస్సు వచ్చింది.

"దాని మీద ఏటి రాసుందే?" అని అడిగింది. ఎప్పటిలాగే... నన్నే అడిగింది.

ఆ రోజు బస్సు మీద ఉన్నదంతా చదివేశాను. ఊరి పేరు, మధ్యలో ఊళ్ళు, 'స్త్రీలకు మాత్రమే', 'చేతులు బయట పెట్టరాదు'... ఒక్కటీ వదల్లేదు.

"సాల్లేవే తల్లీ, నువ్వు సదివేలోగా బస్సు ఎల్లిపోద్ది. ఎక్కు!" అని నవ్వింది నాన్నమ్మ.

ఇప్పుడు మా ఆయన అప్పుడప్పుడు హోటల్‌కి తీసుకెళతారు. మెనూ అంతా ఇంగ్లీషే. వేలు పెట్టి ఆయనే ఒక్కొక్కటీ చదివి వినిపిస్తారు. నేను సిగ్గుపడుతూ ఏదో ఒకటి చెబుతాను. అన్నీ బాగానే ఉంటాయి కానీ... నిజం చెప్పాలంటే, ఇంతవరకూ ఏ హోటల్ చేపల వేపుడూ ఆ బెంచీ మీద తిన్న నెత్తళ్ళంత రుచిగా అనిపించలేదు.

ఈ మధ్య ఫోన్‌ని బోర్డు ముందు పెడితే అదే చదివి చెప్పేస్తోంది. ఇంక ఏ నాన్నమ్మకీ మనవరాలి తోడు అక్కర్లేదేమో...

నాన్నమ్మ పోయి నాలుగేళ్ళు. ఆ హోటల్ సంగతి మా ఇంట్లో ఎవరికీ ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మా పేట వాళ్ళెవరైనా ఇది చూస్తే మా నాన్నకి మాత్రం చూపించకండి.

మీలో ఎవరైనా చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి బోర్డులు, ఉత్తరాలు చదివి పెట్టారా? మధ్యలో ఏమైనా దాటేశారా? ఉంటే కింద రాయండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

నాన్నమ్మ ఉండి ఉంటే, ఇది కూడా నేనే చదివి వినిపించాల్సి వచ్చేది... ఈసారి ఒక్క మాట కూడా వదిలేదాన్ని కాదు.