ఎర్ర చుక్క పెట్టిన తూటాలు

నా చిన్నప్పుడు నేను నేర్చుకున్న మొదటి పని తూటాలు ఏరడం. బియ్యంలో రాళ్లు ఏరడం ఆ తర్వాత వచ్చింది. ఈ మాట చెబితే మా కోడలు నవ్వుతుంది, అత్తయ్య కోతలు కోస్తోంది అనుకుంటుంది కాబోలు. అనుకోనీ.

మాది రాయచోటి దగ్గర పల్లె. మా నాయన కువైట్‌లో, ఫహాహీల్ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పెద్ద ఇంట్లో డ్రైవరు. మా అమ్మ అదే ఇంట్లో వంట చేసేది. ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉన్న ఒంటిగది మాది. పనివాళ్ల పిల్లలను ఎవరూ రానివ్వని రోజులవి. ఆ ఇంటావిడను మా అమ్మ మామా అని పిలిచేది. ఆమెది మెత్తని మనసు కావడంతో నన్ను కూడా తెచ్చుకోనిచ్చారు. ఆ ఇంటి పెద్దాయన, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని పనిలో పెట్టుకున్న మా కఫీల్, అందరికీ బాబా. నాకూ బాబానే. అప్పటికి నాకు పదకొండేళ్లు.

బాబాకు వేట పిచ్చి. చలికాలం వస్తే ఎడారిలో డేరాలు వేసుకుని కుందేళ్లను కొట్టేవాడు. ఏడాదికోసారి వేరే దేశాలకు పోయి జింకలను కొట్టుకొచ్చేవాడు. తుపాకుల గదిలో తివాచీ మీద కూర్చుని, తూటాలన్నీ ఒక గుడ్డ మీద కుమ్మరించి, నన్ను కేకేసేవాడు. ఆయనకు దగ్గరి చూపు ఆనేది కాదు, నా కళ్లు కావాలి. ఇత్తడికి పచ్చ పట్టిందా, మెడ దగ్గర సొట్ట పడిందా, అడుగున సూది తగిలే బిళ్ల సరిగా కూర్చుందా, ఒక్కొక్కటే తిప్పి చూసి చెప్పాలి. అంతకుముందు ఏడు ఒక పెట్టె తూటాలు చెమ్మ తగిలి పాడయ్యాయి. వాటిలో కొన్ని వేటలో పేలనే లేదు. అప్పటినుంచి ఆయనకు ఇదొక పట్టుదల అయింది. అనుమానం ఉన్న తూటా అడుగున మామా గోళ్ల రంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టమనేవాడు. చుక్క పెట్టినవి బిస్కెట్ల డబ్బాలోకి పోయేవి, ఒట్టి డబ్బాలను కొట్టి ఆడుకోవడానికి. చుక్క లేనివి చెక్కపెట్టెలోకి పోయేవి.

ఆ చెక్కపెట్టెలోవే ఆయన ప్రాణం. రాగి ఒళ్లు, మెత్తని సీసం ముక్కు. అవి జింక ఒంట్లోకి పోయాక పువ్వులా విచ్చుకుంటాయని, జింక ఉన్నచోటే కూలిపోతుందని, దానికి బాధ కూడా తెలియదని చెప్పేవాడు. ముక్కు గట్టిగా ఉన్నవైతే ఇటునుంచి అటు దూసుకుపోతాయి. జింక పరిగెత్తి పరిగెత్తి ఎక్కడో ఎవరికీ కనిపించకుండా చస్తుంది. అలా చేజారిన ఒక జింక కోసం సాయంత్రం దాకా రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగానని చెబుతూ ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అనుమానం ఉన్న తూటాతో ఒక ప్రాణి ముందు నిలబడటం పాపమనేవాడు. ఆయన మంచివాడని నేను నమ్మడానికి ఆ కన్నీళ్లే కారణం. ఏరడం అయ్యాక గుప్పెడు ఖర్జూరాలు చేతిలో పోసేవాడు.

మా నాయనకూ వేట తెలుసు. మా ఊళ్లో వేరుశెనగ చేల మీద పడే అడవిపందులను నాటు తుపాకీతో తరిమేవాళ్లలో ఆయన ఒకడు. అందుకే బాబా తన రైఫిలు తుడిచే పని ఇంకెవరికీ ఇవ్వకుండా ఆయనకే ఇచ్చేవాడు. తూటాలు మాత్రం తానే దాచుకునేవాడు. ఏటా దసరాకు మా నాయన కారుకు బొట్టు పెట్టేవాడు, ఆ పక్కనే రైఫిలు మడమకూ ఒక చిన్న బొట్టు. ఒకసారి బాబా చూసి ఇదేమిటని అడిగాడు. పనిముట్టు మనల్ని మోసం చేయకుండా ఉండాలని పెట్టుకుంటామని మా నాయన చెప్పాడు. బాబా నవ్వి, చెరిపేయమనకుండా ఊరుకున్నాడు.

1990 ఆగస్టులో ఒకనాడు తెల్లవారి లేచేసరికి సముద్రం రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు. మూడో రోజు పొద్దున్నే బాబా వాళ్లందరూ రెండు కార్లలో ఎడారి దారిన సౌదీకి బయలుదేరారు. మామా ఏడుస్తూ మా అమ్మను కౌగిలించుకుంది. మా అమ్మ అప్పుడు ఐదో నెల గర్భిణి. బాబా మా నాయనను గేటు దగ్గరికి పిలిచాడు. మా పాస్‌పోర్టులు ఇచ్చాడు. ఆ మాత్రం చేసినందుకు ఇప్పటికీ కాదనను. తాళాల గుత్తి ఇచ్చాడు. తర్వాత ఒక పాత రైఫిలునూ, ఆ చెక్కపెట్టెనూ చేతిలో పెట్టి, నువ్వు పనివాడివి కాదు, నా కొడుకు లాంటివాడివి, ఇల్లు నీ చేతిలో పెడుతున్నాను అన్నాడు.

మా నాయన పెట్టె మూత తీశాడు. లోపల తూటాలన్నీ అడుగులు పైకి పెట్టి వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక ఎర్ర చుక్క.

మా నాయన ముఖం వెలిగిపోయింది. "బొట్లు పెట్టినారే బాబా" అన్నాడు వచ్చీరాని అరబ్బీలో, కారు వైపు చెయ్యి చూపిస్తూ. తన ఆచారం గుర్తుంచుకుని ఆ ముసలాయన తనకోసం ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టించాడని ఆయన అనుకున్నాడు. ఆ మాట బాబాకు అర్థమైంది. ఆయన తలూపాడు. తలూపి, పక్కన నిలబడ్డ నన్ను చూశాడు. ఆ చుక్కలు పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ వాకిట్లో ఇద్దరికే తెలుసు. నేను నోరు తెరవనని ఆయనకు నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తొమ్మిది రోజులు నిలబెట్టాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేనే ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. మా నాయనను అంతకుముందు ఎవరూ అలా గౌరవించి ఎరగరు. ఆ తొమ్మిది రోజులూ ఆయన రోజూ గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు, పొద్దునా సాయంత్రం ఇంటి చుట్టూ తిరిగి ప్రతి కిటికీ గొళ్లెం లాగి చూశాడు. నడకే మారిపోయింది. అన్నం తింటూ కూడా ఆ పెట్టె గురించే చెప్పేవాడు. అది చూస్తూ, ఆ బొట్లు నేను పెట్టినవని ఎలా చెప్పను? పిల్లముండకు ఆ మాత్రం జాలి ఉంటుంది కదా. ఆ జాలే మా కొంప ముంచింది.

ఐదో రోజు మా చిన్నాయన వచ్చాడు. ఆయన కువైట్‌లోనే, అబ్బాసియాలో టైలరు. వాళ్ల గదిలో ఉండేవాళ్లు కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నారు, బాగ్దాదు మీదుగా జోర్డాన్ చేరితే అక్కడినుంచి మన విమానాలు ఉంటాయట. వదిన ఒట్టి మనిషి కాదని, మాకు మూడు సీట్లు పట్టి పెట్టాడు. వెనక సీటు మీద అమ్మ పడుకోవడానికి పరుపు కూడా కుట్టి తెచ్చాడు. తుపాకీ ఉన్న ఇంట్లో దొరికితే సోల్జర్లు అడగరు, చూడరు, కాల్చేస్తారని చెప్పాడు.

మా నాయన వినలేదు. "నమ్మి చేతిలో పెట్టినాడురా. ఇడ్సిపెట్టి పోతే రేపు ఆయప్ప ముకం ఎట్ల సూసేది?" అన్నాడు.

మా అమ్మ ఏడ్చింది, తిట్టింది, ఆ పెట్టెను సముద్రంలో పారేయమంది. చిన్నాయన బతిమాలాడు. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు, ఆ సాయంత్రమే మేము వ్యాను ఎక్కేవాళ్లం. గొంతు దాకా వచ్చింది. మా నాయన ముఖం చూశాను, మింగేశాను. చిన్నాయన ఆ పరుపు మా గదిలోనే వదిలి వెళ్లిపోయాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సోల్జర్లు ఎదురింటి తలుపులు పగలగొట్టారు. ఇంట్లో ఒక పాత పిస్తోలు దొరికిందట, కాపలా ముసలాయనను కొట్టుకుంటూ జీపులో పడేసుకుపోయారు. ఆ అరుపులు మాకు వినిపించాయి. మా నాయన రైఫిలులో ఐదు తూటాలు ఎక్కించి, గేటు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన నిజంగానే వాటిని నమ్ముకుని కూర్చున్నాడు.

"నాయనా, ఆ బొట్లు నేను పెట్టినవి" అన్నాను.

"నువ్వు పెడితే మంచిదే గదమ్మా."

"కాదు నాయనా. పేలనివాటికి పెట్టమని చెప్పినాడు బాబా."

ఆయన నన్ను తిట్టలేదు. అబద్ధమా అని కూడా అడగలేదు. రైఫిలు ఖాళీ చేసి, వంటింట్లోకి వచ్చి, కారు సామాన్ల పెట్టెలోంచి పట్టకారు తీశాడు. ఒక తూటా సీసం ముక్కు పీకి, లోపలి మందును టీ సాసర్లో తట్టాడు. మంచి మందు ఆవాల్లా జలజలా రాలాలి. అది ముద్దలు ముద్దలుగా పడింది. మా ఊళ్లో పందుల వేటకు పోయేముందు మందుకు నిప్పు పెట్టి చూసే పద్ధతి ఆయనకు తెలిసిందే, దానికి చప్పుడు ఉండదు, పక్కింటికి తెలియదు. అగ్గిపుల్ల గీసి పెట్టాడు. భగ్గున లేవాల్సిన మందు కాస్త పొగ వదిలి, నల్లగా మాడి, సాసరుకు అంటుకుపోయింది. రెండోదీ అంతే. మూడోది ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఐదూ అలాగే చూశాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒక జింక మీదికి పనికిరావని ఏరించిన తూటాలు మా నాయనకైతే సరిపోతాయనుకున్నాడు ఆ ముసలాయన.

మా నాయన ఆ సాసరు పక్కకు జరిపాడు.

"ఎప్పట్నించి తెలుసు పాపా?"

మొదటి రోజు నుంచీ తెలుసన్నాను.

"చిన్నాయన వచ్చిన పొద్దు కూడా తెలుసా?"

తలూపాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. కొట్టి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనిపిస్తుంది.

రైఫిలునూ తూటాలనూ కక్కసు గుంతలో పడేశాడు. అంత జరిగాక కూడా, బయలుదేరేముందు ఇల్లంతా తిరిగి ప్రతి గదికీ తాళం వేశాడు. అది చూసి మా అమ్మకు ఒళ్లు మండిపోయింది. చిన్నాయన వాళ్ల వ్యాను వెళ్లి నాలుగు రోజులయింది. మాకు దొరికింది జనాన్ని కుక్కిన బస్సు, బాగ్దాదు దాటాక పైకప్పు లేని లారీ. చిన్నాయన కుట్టిన పరుపు లారీలో వేసుకున్నాం, కానీ దాని మీద అమ్మ కూర్చోవడానికే చోటు లేదు, పడుకోవడం ఎక్కడిది. జోర్డాన్ సరిహద్దు దగ్గర గుడారాల్లో ఆరు రోజులు ఆపేశారు. ఎండ, ఇసుక, మనిషికి ఒక సీసా నీళ్లు. మూడో రోజు మా అమ్మకు గర్భం పోయింది. మగపిల్లవాడని అక్కడి నర్సు చెప్పింది. మా నాయన చేతులతోనే ఇసుక తవ్వాడు. ఆ చోటు గుర్తు పెట్టుకునే వీలు కూడా లేకపోయింది, గాలికి ఇసుక కదులుతూనే ఉంటుంది.

ఆ తర్వాత మా అమ్మకు మళ్లీ కడుపు పండలేదు. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె అంతా వింది. అయినా బతికున్నన్నాళ్లూ ఆ తొమ్మిది రోజుల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

యుద్ధం అయిపోయి, ఇంటికి వచ్చిన రెండేళ్లకు బాబా దగ్గర్నుంచి మా నాయనకు మళ్లీ వీసా వచ్చింది. వానలు లేవు, చేలు బీడు పడ్డాయి. వెళ్లాడు. అదే ఇల్లు, అదే కఫీలు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు నేను ఉండబట్టలేక, తూటాల సంగతి అడిగావా అన్నాను. అడగలేదన్నాడు. బాబా కౌగిలించుకున్నాడట, ఇల్లు కాపాడిన కొడుకువని చుట్టాలందరికీ చూపించాడట.

"ఎందుకడగలేదు నాయనా?"

ఆయన బీడీ ఆర్పి అన్నాడు. "అడిగితే తొందరలో మారిపోయినాయి అంటాడు. అప్పుడు మళ్లా నమ్మాల గదమ్మా."

నాకు ఇప్పుడు నోటి దురుసు ఎక్కువని మా ఇంటా బయటా పేరు. ఎదుటివాడి ముఖం చిన్నబోతుందని తెలిసినా ఉన్నమాట అప్పటికప్పుడే అనేస్తాను. చాలామందికి దూరమయ్యాను. నీమీదే నమ్మకం పెట్టుకున్నామని ఎవరైనా ఏదైనా చేతిలో పెడితే, ముందు మూత తీసి చూస్తాను. ఇవేవీ గొప్ప గుణాలని చెప్పుకోను. ఆ ఇసుకలో ఉన్నవాడికి నేను బాకీ ఉన్న మాట ఒకటుంది. అది ఇంకెవరికి చెప్పినా తీరదు.

ఏటా దసరాకు మా అబ్బాయి మోటారుసైకిలు కడిగి వాకిట్లో నిలబెట్టి, బొట్టు పెట్టమ్మా అని కుంకుమభరిణ అందిస్తాడు. ముందు నా కళ్లముందు బండి నడిపి బ్రేకు పట్టి చూపించమంటాను. వాడూ కోడలూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాడు వీధి చివరిదాకా పోయి, తిరిగి వచ్చి, నా ముందు బండి ఆపేదాకా కుంకుమలో వేలు పెట్టను.