ఫ్లాపీకి బొట్టు

1987 సెప్టెంబరు 17, గురువారం, ఉదయం పదకొండు గంటలు. విశ్వకర్మ పూజ. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో పూజ అయ్యేదాకా పనిముట్లతో పని చెయ్యరు. కడిగి, బొట్టు పెట్టి దండం పెడతారు. సాక్చిలో బట్టలకొట్టు పైఅంతస్తులో ఉన్న మా సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ అంతే. నేనక్కడ మెషిన్ రూం సూపర్‌వైజర్ని. కరెంటు, ఏసీ, దుమ్ము నా బాధ్యత. పెళ్లయ్యాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, చుట్టూ తిప్పి రాయడం రాదు. ఈకాలం కంపెనీ పెద్దలు నాయకత్వం, ఎదుగుదల అంటూ పుస్తకాలు కొంటున్నారట. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఎండీ చక్రపాణిగారు తెలుగాయనే, పెద్ద ఇంజనీరు. అప్పుడే కలకత్తాలో నాయకత్వ శిక్షణ పొంది వచ్చారు. వచ్చీ రాగానే ఉన్న కొద్దిమందిలో ముగ్గుర్ని మేనేజర్లని చేశారు. జీతం పెరగలేదు గానీ కుర్చీలకి చేతులొచ్చాయి. తర్వాత పొదుపు మొదలెట్టారు. ప్రతి ప్రోగ్రాముకీ ఒక ఫ్లాపీ చాలు, నకలు దండగన్నారు. నకళ్లన్నీ చెరిపించి వేరే పనికి వాడించారు. ఎదుగుదలంటే ఇదేనని మీటింగులో చెబితే మేనేజర్లు తలలూపారు.

ఫ్లాపీ చూడనివాళ్లకి చెప్తాను. నల్లటి పల్చని చదరం, లోపల గుండ్రటి బిళ్ల. ప్రోగ్రామంతా ఆ బిళ్లమీదే ఉంటుంది. మెషిను చదవడానికి ఒకచోట సందు వదులుతారు. అక్కడ వేలు కూడా తగలనివ్వం.

మధ్యాహ్నం మూడింటికి లారీల యజమాని బల్‌బీర్ సింగ్ గారు మా ప్రోగ్రాము చూడ్డానికి వస్తారు. ట్రిప్పుల లెక్కల ప్రోగ్రాము. రాసింది రాజేశ్వరి, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల పిల్ల. ప్రొబేషన్లో ఉంది. ఆయన ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

పూజారి తివారీజీ మెషినుకి బొట్టు పెట్టారు. అక్కడితో ఊరుకోవచ్చు. నాయకుడన్నవాడు ముందుండాలంటూ ఎండీగారు రాజేశ్వరి దగ్గర్నుంచి ఫ్లాపీ తీసుకుని కవరు లాగేశారు. కవరు మీద ఎట్టండి సార్, దానికొద్దు అని ఆ పిల్ల అంటూనే ఉంది. ఆయన తడి సిందూరం తీసి, సరిగ్గా ఆ సందులో, పెళ్లికూతురికి పెట్టినంత శ్రద్ధగా పెట్టారు. అక్షింతలు కూడా వేశారు.

మూడింటికి ఆ ఫ్లాపీ పెడితే మెషిను గరగరమంది. చదవలేదు. వేరే నకలు లేదు. కొత్తపిల్ల పాడుచేసింది, ఇవాళే తీసేస్తానని ఎండీగారు సర్దార్‌జీకి మాటిచ్చారు.

"బొట్టు మీరే ఎట్టినారు సార్. నానొద్దన్నాను గదేటి," అంది రాజేశ్వరి.

అది ఎవరైనా విన్నారా అని ఆయన మేనేజర్లనడిగారు. మిశ్రా ఫ్యాను కేసి చూశాడు. పట్నాయక్ ఆ టైంలో లడ్డూలు పంచుతున్నాడట. వెంకటరావు తమరెలాగంటే అలాగే అన్నాడు.

"నానిన్నాను," అన్నాను.

"నిన్నగాక మొన్న పలక పట్టావు అప్పలస్వామీ. నాకు నాయకత్వం నేర్పుతావా?"

నాయకత్వం కాదు సార్, సిందూరం సంగతి చెప్తున్నానన్నాను.

సర్దార్‌జీ ఫ్లాపీ తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు. "మా డ్రైవర్లూ బొట్టు పెడతారు సాబ్. బానెట్ మీద పెడతారు, డీజిల్ ట్యాంకులో వెయ్యరు," అని హిందీలో అనేసి మెట్లు దిగిపోయారు. ఆ పని మాకు దక్కలేదు.

రాజేశ్వరిని ఆ సాయంత్రమే పంపేశారు. నన్ను తియ్యలేదు, ఏసీ నడిపే మనిషి ఇంకొకడు దొరకలేదు. మర్నాడు గోడమీద నోటీసు పడింది: ఇకమీదట ఫ్లాపీకి బొట్టు పెట్టేముందు మేనేజరు అనుమతి తీసుకోవలెను.

నేను నేర్చుకున్నది ఇది. కంపెనీ ఎంత ఎదిగిందో కుర్చీలు చూసి చెప్పలేం. పైవాడి చెయ్యి తప్పు చోటికి పోతుంటే వద్దనేవాళ్లు ఎందరున్నారో చూడాలి. అన్నాక వాళ్లలో ఎందరు ఉద్యోగంలో మిగిలారో కూడా చూడాలి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: ఎండీ చక్రపాణి, మేనేజర్లు మిశ్రా, పట్నాయక్, వెంకటరావు, పూజారి తివారీజీ, మూడింటికి వచ్చిన బల్‌బీర్ సింగ్, ప్రోగ్రాము రాసిన రాజేశ్వరి, నేను, గొర్లె అప్పలస్వామి.