రాయి కడుపులోని గాలి

మా సైన్సు టీచరమ్మ పోయిన ఆదివారం కర్నూలులో కన్నుమూసింది. తొంభై దాటిన మనిషి, పోయిందంటే వింతేముంది అన్నారు మా ఇంట్లోవాళ్ళు. వింత సంగతి నాకు తెలియదుగానీ, ఫోను పెట్టేసి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అట్లాగే నిలబడిపోయాను. నేనూ ఎనభై దగ్గరపడిన దాన్నే. ఈ వయసులో టీచరు కోసం ఏడిస్తే మనవళ్ళు నవ్వుతారని స్నానాలగదిలోకి పోయి ఏడ్చాను.

యాభైల నాటి మాట. కోవెలకుంట్ల పక్క మా ఊరి మిషన్ బడికి ఆమె కొత్తగా వచ్చింది. చేతిసంచీలో ఎప్పుడూ ఒక నిమ్మచెక్క, ఒక మేకు ఉండేవి. నాపరాయి కనిపిస్తే చాలు, మేకుతో గీకి ఆ పొడి మీద రెండు చుక్కలు పిండేది. సన్నగా నురుగు లేచేది. "సూడండి, రాయి తన కడుపులో గాలి దాచుకొని ఉండాది" అనేది. మనం వదిలే ఊపిరిలో ఉండే బొగ్గుపులుసు వాయువే అది. బడి మెట్లూ, చర్చి అరుగూ, ఆఖరికి గుడి గడపా వదల్లేదు. పూజారి కోప్పడితే, "నిమ్మకాయ మీరూ వాడేదే గదా స్వామీ" అంది. ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

సీసాలో పోసిన సున్నపు తేటలోకి బొప్పాయి కాడతో మా చేత ఊదించేది. నీళ్ళు తెల్లగా విరిగేవి. "రాయిని కాలిస్తే ఈ గాలి ఎల్లిపోతాది. సున్నం దాన్ని మళ్ళా పట్టుకొని రాయి అవుతాది. రాయి తనదాన్ని మర్సిపోదు పిల్లోల్లారా."

మా నాయనది సున్నపు బట్టీ. ఇంటికొచ్చి ఇదంతా చెబితే, "పుట్టినప్పట్నుంచి రాయి కాలుస్తాండా, నాకు తెల్వని గాలా?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు వానల్లేవు. ఇంటికీ ఎద్దులకూ ఉన్న ఒక్క బావీ అడుగంటింది. సున్నం తడపడానికి నీళ్ళు దగ్గరుంటాయని మా నాయన బట్టీని ఆ బావి గట్టు మీదే కట్టాడు. ఎంత తెలివైన పనో అని ఊరంతా మెచ్చుకుంది. మూడు రోజులు బట్టీ కాలి ఆరాక, పూడిక తీయడానికి దిగుతానన్నాడు. ఆ సంగతి నేను బడిలో గొప్పగా చెప్పాను. బట్టీ యాడ, బాయి యాడ అని అడిగింది టీచరమ్మ. చెప్పానో లేదో, సుద్దముక్క పడేసి పరుగు తీసింది.

నాయన అప్పటికే నడుముకు తాడు కట్టుకున్నాడు.

"దిగద్దన్నా. ముందు లాంతరు దించు."

"పట్టపగలు లాంతరేంది టీచరమ్మా? తాతల కాడినుంచి దిగుతాండాం."

ఆమె పట్టు విడవలేదు. దించారు. రెండు నిలువుల లోతున లాంతరు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించితే మళ్ళీ అక్కడే ఆరింది.

"గాలికి ఆరినట్టుండాది" అన్నాడు చిన్నాయన.

"బాయి లోపల ఈసే గాలి యాడిదప్పా?" అంది ఆమె. కాలిన రాయి వదిలింది బరువైన గాలి అనీ, అది దొర్లుకుంటూ పోయి బావిలో కూర్చుందనీ, అందులో దీపమే కాదు, మనిషీ నిలవడనీ చెప్పింది. మా నాయన తాడు ముడి విప్పుకున్నాడు.

ఆ గాలిని పట్టుకోవడానికి బట్టీలో సున్నమే నీళ్ళల్లో కలిపి, కుండలకొద్దీ బావి గోడల మీద పోయించింది. వేపమండలు తాడుకు కట్టి పైకీ కిందికీ లాగించింది. పొద్దు నడినెత్తికి వచ్చాక దించిన లాంతరు అడుగుదాకా పోయినా వెలుగుతూనే ఉంది. అప్పుడు దిగాడు నాయన. ఆ తర్వాత బట్టీ ఊరి బయటికి మారింది. మా నాయన ఇంకో ముప్పై ఏళ్ళు బతికి నా పెళ్ళి చూశాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆ ముప్పై ఏళ్ళూ ఆమె పెట్టిన భిక్ష.

పోయిన వేసవిలో ఆమెను చూడబోయి పేపరు చదివి వినిపించాను. ఫ్యాక్టరీల పొగలోంచి ఈ వాయువునే పట్టి, భూమి లోపలి నల్లరాతి పొరల్లోకి ఎక్కించి, అక్కడే రాయిగా మార్చే పనులు జరుగుతున్నాయట. కళ్ళు మూసుకొని విన్నది.

"మంచిదే. యాడిది ఆడికే పంపుతాండారు. రాయికి తొందర ల్యాదు పాపా, తొందరంతా మనదే."

ఆ రోజు అంత ధైర్యం ఎట్లా వచ్చిందని అడిగాను.

"ధైర్యమా? సీసాలో సేసినదాన్ని బాయిలో సేయించినా. సాలుతాదో సాలదో నాకేం తెల్సు? మీ నాయన నా మాట మీద దిగుతాండాడు."

అన్నేళ్ళ తర్వాత నాకప్పుడు అర్థమైంది. ఆ రోజు ఆమె తాడు పట్టిన మగవాళ్ళ వెనక నిలబడి, దాని కొసను చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. "ఉండావా అన్నా?" అని గడియకోసారి కేకేసింది. "ఉండా తల్లీ" అని కిందినుంచి జవాబు వస్తూనే ఉంది. పని ముగిసి నాయన పైకొచ్చాడు, గట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగాడు. ఆమె తాడు వదల్లేదు. వదలమన్నా చేతులు రాలేదు. మా అమ్మ పక్కన కూర్చొని, సున్నం మరకల ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పుతూ ఉంది.