మండిన రాయి, జారిన మాట

నా పెళ్లయిన కొత్తలో జరిగిందిది. విశాఖలో జియాలజీ చదువుకుని, పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో కోడలిగా అడుగుపెట్టాను. అత్తగారంటే భయం. ‘మీరు’, ‘అండీ’ లేకుండా ఆవిడతో ఒక్క మాటా మాట్లాడేదాన్ని కాదు.

ఒక ఆదివారం మా ఆయన, అత్తగారు, నేను ఫెరార్‌గంజ్ వైపు సముద్రపు ఒడ్డుకి పిక్నిక్‌కి వెళ్లాం. అక్కడ గట్టు కోసుకుపోయి, ఇసుకరాతి పొరల మధ్య నల్లటి పలకరాయి పొరలు బయటపడి ఉన్నాయి. నేను వాటినే చూస్తూ తిరుగుతుంటే, అత్తగారు కింద రాలిన నల్లరాళ్లు పొయ్యిగా పేర్చి చేపల పులుసు పెట్టేశారు.

కాసేపటికి కిరసనాయిలు వాసన వచ్చింది. తిరిగి చూస్తే కట్టెలతో పాటు రాయి కూడా అంటుకుంటోంది! నూనె ఉన్న షేల్ అనే రకం పలకరాయి అది. వేడికి పగిలితే ముక్కలు మొహానికే తగులుతాయి.

“అత్తయ్యగారూ, ఆ రాయి మండుతోందండీ!”

“రాయి మండతాదేటి బహూ? మజాక్ చేస్తన్నావా?” అంటూ, అక్కడి అలవాటుగా హిందీ కలిపి నవ్వేస్తూ, ఆవిడ ఇంకా ముందుకు వంగారు.

“ఒసేయ్, లేవే! ఇవతలికి రా!” అని అరిచి, చెయ్యి పట్టి లాగేశాను. ఇద్దరం ఇసుకలో పడ్డాం. ఢామ్మని రాయి పేలి, పులుసు గిన్నె బోర్లా పడింది.

మా ఆయన నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. ఏమన్నానో అప్పుడు తెలిసి నాకు ఏడుపొచ్చింది. అత్తగారు నా మోచేతికి గీసుకున్న చోట ఊదుతూ, “అమ్మ పోయాక నన్నెవలూ ‘ఒసే’ అనలేదే. ఎంత బాగుందో!” అని పడీపడీ నవ్వారు.

అప్పటి నుంచి ఆవిడ నాకు ‘నువ్వే’. చుట్టాలెవరైనా మొహం చిట్లిస్తే, “నా ప్రాణం కాపాడిన పిలుపది” అంటుంది మా అత్త.